నంబరు గీకిన చిప్పు

లక్సెట్టిపేటలో ఊత్కూర్ చౌరస్తా దాటాక ఎడమచేతి వైపు ఉన్న కంప్యూటర్ షాపులో కోమల ఆరేళ్లు పనిచేసింది. ఆ ఆరేళ్లలో యజమాని శ్యాంసుందర్ కస్టమర్ల ముందు ఆమెను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఎవరైనా చెడిపోయిన మదర్‌బోర్డు పట్టుకొస్తే "వెనకకు పంపిస్త, రేపు రాండ్రి" అనేవాడు. ఆ వెనక అనేది హైదరాబాదులో ఎక్కడో ఉన్న పెద్ద సర్వీసు సెంటరేమోనని చాలామంది అనుకునేవారు. నిజానికి అది షాపులోనే ప్లైవుడ్ అడ్డం కట్టిన నాలుగడుగుల జాగా. అందులో ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, వేడిగాలి ఊదే మిషను, మీటరు, భూతద్దం. ఆ భూతద్దం మీదికి వంగి కోమల.

శ్యాంసుందర్ మాటలతో బతికినవాడు. ఏ కంప్యూటర్ ఎవరికి అంటగట్టాలో అతనికి తెలిసినట్టు మంచిర్యాల దాకా ఇంకెవరికీ తెలియదు. కానీ బోర్డు తిరగేసి చూపిస్తే ఏది ఏమిటో చెప్పలేడు. ఆమె లేకపోతే షాపు నడవదని అతనికి తెలుసు, అందుకే ఆమె అంటే అతనికి పడేది కాదు. తను లేకపోతే షాపు నడవదని ఆమెకూ తెలుసు, అందుకే అతని గొంతు వినబడితే చాలు, ఆమెకు ఒళ్లు మండేది. ఇద్దరూ పొద్దున షట్టరు లేచినప్పటి నుంచి సాయంత్రం దించేదాకా పనికి కావలసినన్ని మాటలే మాట్లాడుకునేవారు. ఆ మాటల్లోనూ సగం విసుర్లే.

కోమలకు ఈ పని నేర్పింది తండ్రి రాయమల్లు. మందమర్రి దగ్గర బొగ్గుబాయిలో ఆయన ల్యాంపు రూములో పనిచేసేవాడు. కార్మికులు టోపీకి తగిలించుకుని లోపలికి దిగే దీపాలను చార్జింగు పెట్టడం, తెగిన వైర్లు అతకడం, షిఫ్టు మారగానే ఎవరి దీపం వాళ్లకివ్వడం ఆయన పని. చిన్నప్పుడు తండ్రికి సద్ది తీసుకుపోయిన కోమల అక్కడే కూర్చుని పాడైన దీపాల వైర్లు అతికేది. తర్వాత మంచిర్యాలలో ఐటీఐ చేసింది. పెళ్లయింది. భర్త గోపాల్ బహ్రెయిన్ పోయి ఐదేళ్లు దాటింది. తండ్రి రిటైరై కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చాక తండ్రీకూతుళ్లిద్దరూ లక్సెట్టిపేటలో గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు.

అసలు గొడవ మొదలైంది నవ్యశ్రీ వచ్చిన రోజున.

నవ్యశ్రీది జన్నారం వైపు ఒక పల్లె. పాతికేళ్లు కూడా నిండలేదు. చుట్టుపక్కల ఫొటో స్టూడియోలకు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసిపెట్టేది. ఇన్నాళ్లూ ఒకరి కంప్యూటరు మీద, వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంది. ఇప్పుడు సొంతానికి కొనుక్కుంటోంది. ఏం కావాలో కాగితం మీద రాసుకొచ్చింది. అన్నీ చదివి చివర్లో కొంచెం సిగ్గుపడుతూ అంది.

"అన్నా, డబ్బకు పక్కపొంటి అద్దముంటది గద. లోపట నీలం లైట్లు కావాలె. టక్కటక్క కొట్టుకునేటియి కాదు. మెల్లగ వెలిగి మెల్లగ తగ్గాలె. ఊపిరి తీసుకున్నట్టు."

"గదెంత పని! మా కాడ అసొంటియి రోజుకు పది పోతయ్" అన్నాడు శ్యాంసుందర్.

ప్లైవుడ్ వెనక కోమల పళ్లు కొరికింది. నవ్యశ్రీ ఎంచుకున్న బోర్డు తక్కువ రకంది. లైట్లను అలా నడిపించే పిన్నే దానికి లేదు. ఆ సంగతి శ్యాంసుందర్‌కు తెలియదు, తెలిసినా ఒప్పుకోడు. అడ్వాన్సు జేబులో పడ్డాక అడ్డు మీదుగా తల పెట్టి చూశాడు.

"విన్నవు గద. రేపు మాపటికి కావాలె."

"ఆ బోర్డుకు రాదు సార్."

"రాదని చెప్పనీకి నువ్వెందుకు? రాదని నేను గూడ చెప్తగద" అని వెళ్లిపోయాడు.

కోమల చేతిలోని బోర్డు పక్కన పెట్టింది. చేయనని లేచిపోవచ్చు. కానీ ఆ పిల్ల 'ఊపిరి తీసుకున్నట్టు' అన్న మాట ఆమెను పట్టుకుంది. అది చేయొచ్చని ఆమెకు తెలుసు. ఐటీఐలో మొదటి ఏడాది నేర్పే టైమర్ చిప్పు ఒకటి ఉంది, ఎనిమిది కాళ్లది, వేలి గోరంత ఉంటుంది. ఏ రేడియో సామాన్ల దుకాణంలో అడిగినా ఇస్తారు. దానికి ఒక కెపాసిటర్ తగిలిస్తే అది కరెంటుతో నిండుతుంది, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఎంత సేపట్లో నిండాలో పక్కన పెట్టే రెసిస్టర్ చెబుతుంది. అంతే సంగతి.

మర్నాడు పొద్దున పనిలో కూర్చుంది. మొదట చిప్పు బయటికిచ్చే కాలు నుంచే లైట్లకు కరెంటు ఇచ్చింది. లైట్లు పోలీసు జీపు మీదివాటిలా ఠక్కున వెలిగాయి, ఠక్కున ఆరాయి. అది ఆమె అనుకున్నదే. ఆ కాలు దగ్గర కరెంటు ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలుండదు. మెల్లగా పెరిగేదీ తగ్గేదీ కెపాసిటర్ దగ్గరే. కానీ అక్కడి నుంచి నేరుగా లైట్లకు లాగితే కెపాసిటర్ నిండనే నిండదు. అందుకని మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టింది. కెపాసిటర్ దానికి దారి చూపిస్తుంది, బరువు మాత్రం అది మోస్తుంది. పన్నెండు నీలం లైట్లు, ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్. కంప్యూటరు లోపల డ్రైవులకు పోయే తీగల్లో పసుపుపచ్చదాంట్లో పన్నెండు వోల్టులుంటాయి, నల్లది ఎర్తు. ఆ రెండింటినీ అందుకుంది. పసుపుపచ్చ తీగకు ముందు ఒక చిన్న ఫ్యూజు కూడా పెట్టింది, ఏదైనా అయితే అదే పోతుందని.

స్విచ్చి వేసింది. లైట్లు వెలుగుతూ పోయి, నిండి, మళ్లీ తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఆరిపోయి, మళ్లీ లేచాయి. చప్పుడు లేదు. ఆమెకు ఒక్క క్షణం శ్యాంసుందర్ మీది కోపం కూడా గుర్తుకు రాలేదు.

వేగం ఒక్కటే కుదరలేదు. మనిషి ఊపిరి ఎంతసేపో చూద్దామని గడియారం పెట్టుకుని తన ఊపిరే లెక్కపెట్టుకుంది. మరీ తొందరగా వచ్చింది. కోపంలో ఉన్న మనిషి ఊపిరి దీనికి పనికిరాదనుకుని, బయటికి పోయి చాయ్ తాగి, చౌరస్తాలో కాసేపు నిలబడి వచ్చి మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి సరిపోయింది. ఆ లెక్కకు రెసిస్టర్ మార్చింది.

సాయంత్రం నవ్యశ్రీ వచ్చింది. అద్దంలో నీలం వెలుగు లేచి తగ్గుతుంటే కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

"మస్తుగున్నది అన్నా! ఎవలు చేసిన్రు?"

"ఎవలు చేస్తరమ్మా, నేనే. రాత్రంత కూసున్న" అన్నాడు శ్యాంసుందర్.

ప్లైవుడ్‌కు వెనక వైపు, మూడడుగుల దూరంలో, కోమల చేతిలో ఐరన్ అలాగే ఆగిపోయింది. ఆరేళ్లుగా ఆమె బాగుచేసిన బోర్డులన్నీ అతని పేరు మీదే పోయాయి. వాటికి ఆమె ఇంతగా బాధపడలేదు. అవి ఎవరో చేసి ఎవరో పాడుచేసినవి, తను సరిచేసింది అంతే. ఇది అలా కాదు. దీన్ని తను పుట్టించింది.

నవ్యశ్రీ మంచిరోజు చూసుకుని గురువారం తీసుకుపోతానంది. కంప్యూటరు రెండు రోజులు షాపులోనే ఉండిపోయింది. బుధవారం మధ్యాహ్నం శ్యాంసుందర్ తిండికి పోయినప్పుడు కోమల డబ్బా విప్పి ఆ చిన్న బోర్డు బయటికి తీసింది. చిప్పు వీపు మీద తెల్లటి అక్షరాల్లో దాని నంబరు ఉంటుంది. ఆ నంబరు తెలిస్తే ఎవడైనా కొనుక్కొచ్చుకోవచ్చు, చూసి అతికేయవచ్చు. కోమల బ్లేడు తీసుకుని నంబరును గీకింది. ఒక్క గీత కూడా మిగలకుండా గరుకు కాగితంతో రుద్దింది. నల్లని నున్నని ముక్క మిగిలింది. 'నీ చెయ్యే చేసింది గద, ఇప్పుడు ఇంకోటి చెయ్యి చూస్త' అని మనసులో అనుకుని, బోర్డును మళ్లీ దాని చోట బిగించింది. ఆ పని చేసినందుకు ఆ రోజు ఆమెకు ఏ పశ్చాత్తాపమూ లేదు. కడుపు చల్లబడ్డట్టయింది.

గురువారం కంప్యూటరు ఇచ్చేముందు శ్యాంసుందర్ ఫోనులో వీడియో తీశాడు. నీలం వెలుగు పక్కన నిలబడి, చొక్కా సర్దుకుని, "మన లక్సెట్టిపేటల మన చేతి పని, ఎక్కడ దొరకదు" అన్నాడు. అది ఊరంతా తిరిగింది. వారంలో నలుగురు వచ్చి అలాంటిదే కావాలన్నారు.

అతను అడ్డు దగ్గరికి వచ్చి నాలుగు చెయ్యమన్నప్పుడు కోమల లేచి నిలబడింది.

"చేస్త. గాని ఆ వీడియోల నా పేరు చెప్పుండ్రి సార్. కోమల చేసిందని."

శ్యాంసుందర్ నవ్వాడు. షాపులో ఉన్న ఇద్దరు కస్టమర్ల వైపు తిరిగి, వాళ్లు కూడా నవ్వాలన్నట్టు చూశాడు.

"నాలుగు వైర్లు అతుకుతె ఇంజనీర్ అయిపోయిందట. పేరు కావాలెనట. బోర్డు మీద గూడ రాపియ్యాల్నా, కోమల కంప్యూటర్స్ అని?"

"నువ్వు చేసిన అని చెప్పుకున్నవ్ గద. అయితె నువ్వే చేసుకో" అంది కోమల. ఆరేళ్లలో అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఏయ్, ఎవల్తోని మాట్లాడుతున్నవ్? నా షాపుల నా కరెంటు మీద, నా మిషను మీద నేర్చుకుని..."

"మా బాపు కాడ నేర్చుకున్న నేను. నీ కాడ నేర్చుకునేటందుకు ఏమున్నది?"

అతను బయటికి చెయ్యి చూపించాడు. ఆమె అప్పటికే టిఫిను డబ్బా తీసుకుని చెప్పులు వేసుకుంటోంది. ఇంటికి పోయాక పని మానేశానని తండ్రికి చెప్పింది, ఎందుకో చెప్పింది. చిప్పు సంగతి మాత్రం చెప్పలేదు.

నెలన్నర గడిచింది. కోమల ఇంట్లోనే ఫ్యాన్లు, మిక్సీలు, ఇన్వర్టర్లు చూస్తోంది. ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఆటో ఆగింది. నవ్యశ్రీ దిగింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఒక హార్డ్ డిస్కు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"కోమల అంటె నువ్వేనా?" అంది. అక్కా అనలేదు.

"నేనే. ఏమైంది?"

"ఏమైందని నన్నే అడుగుతున్నవా? నువ్వు చేసినదానికి మూడు పెండ్లిల్ల వీడియోలు పోయినయ్. ఎల్లుండి ఇయ్యాలె. ఆ పెండ్లిల్లు మల్ల చేపియ్యాల్నా నేను?"

కోమలకు మొదట ఏమీ అర్థం కాలేదు. నవ్యశ్రీ అరుస్తూనే చెప్పుకొచ్చింది. పైన కూడా ఒక వరస లైట్లు పెట్టించుకుందామని కంప్యూటరు మళ్లీ షాపుకు తెచ్చింది. శ్యాంసుందర్ పాత బోర్డును చూసి అలాంటిదే ఇంకోటి చేసి బిగించాడు. స్విచ్చి వేయగానే లోపల పొగ లేచింది. తీగలు కరిగాయి. హార్డ్ డిస్కు మళ్లీ తిరగలేదు. శ్యాంసుందర్ అప్పుడు ఆమెకు చెప్పాడట, అసలు ఆ బోర్డు చేసింది కోమల అని, షాపు మీద పగతో అందులో ఏదో మర్మం పెట్టి పోయిందని.

'అయితే ఇప్పుడు చెప్పిండన్నమాట నా పేరు' అనుకుంది కోమల.

"మర్మం లేదు గిర్మం లేదు. ఆయనకు చేతగాలే" అంది పైకి.

"చిప్పు మీద నంబరు లేదట గద? నువ్వే గీకినవట గద?"

మూలన మంచం మీద కూర్చున్న రాయమల్లు అప్పుడు తల ఎత్తాడు.

"నంబరు గీకినవా?" అన్నాడు.

"ఆయన నా పని దొంగిలిచ్చిండు బాపు..."

"నంబరు గీకినవా లేదా?"

"గీకిన."

రాయమల్లు లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతు పెద్దది చేయడం ఆమె ఎన్నడూ వినలేదు. "ముప్పై ఏండ్లు ల్యాంపు రూముల చేసిన. షిఫ్టు ఎక్కినంక కొక్కేనికి ఏ నంబరు దీపం రాలేదో చూసి లోపట ఎవడు మిగిలిండో చెప్పేటోళ్లం. ఒకసారి మల్లొచ్చిన దీపమొకటి నంబరు అరిగిపోయుండె, రెండు కొక్కేలు ఖాళీ. ఎవని పేరు పెట్టి ఒర్రాల్నో తెల్వక గంటసేపు తండ్లాడినం బిడ్డా, గంటసేపు! లోపటున్నోడు బతికి బయటవడ్డడు గాని వాని పెండ్లాం మొఖం నాకిప్పటికీ యాదికున్నది. నంబరు మనకోసం కాదే. మన తర్వాత దాన్ని ముట్టుకునేటోనికోసం."

"నేను ముట్టుకోమన్ననా వాన్ని?"

"వాడు ముట్టుకుంటడనే గద గీకినవ్!"

కోమలకు తండ్రి మీద కూడా కోపం వచ్చింది. శ్యాంసుందర్ అన్న మాటలు ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఈ గొంతు ఎక్కడ పోయిందనిపించింది.

నవ్యశ్రీ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "మీ ఇంటి పంచాది తర్వాత పెట్టుకోండ్రి. ఇద్దరు నా ముంగట కూసోవాలె. ఆటో ఆగే ఉన్నది, నడువు" అంది.

షాపులో అడుగు పెట్టగానే శ్యాంసుందర్ కౌంటరు వెనక నుంచి లేచాడు. "వచ్చింది చూడు, పగదీర్చుకున్న మొఖం" అన్నాడు. అప్పటికే షాపులో ముగ్గురు నలుగురు జమయ్యారు.

"నువ్వు పెట్టిన చిప్పు చూపెట్టు" అంది కోమల.

అతను చూపించలేదు. నవ్యశ్రీయే బల్ల మీద ఉన్న కాలిన బోర్డు తెచ్చి కోమల చేతిలో పెట్టింది. కోమల అడ్డు మీదుగా భూతద్దం అందుకుని చూసింది. ఎనిమిది కాళ్లున్న మాట నిజమే, కానీ అది చిన్న స్పీకర్లలో శబ్దం పెంచడానికి వాడే చిప్పు. దాని కాళ్ల వరసే వేరు. ఎర్తు కావలసిన కాలికి పన్నెండు వోల్టులు పోయాయి.

"స్పీకరు చిప్పు పెట్టినవ్. నా బోర్డుల ఫ్యూజు ఉండె గద, నువ్వెందుకు పెట్టలే?"

"అదేందో నాకేం ఎరుక? రెసిస్టర్ అనుకున్న. అసలు నువ్వు నంబరు ఉంచితె నేనెందుకు పరేషాన్ అయిత? దుకాణపోడు ఎనిమిది కాళ్లది అంటె ఇది ఇచ్చిండు!"

ఆ మాటలో న్యాయం ఉంది. అది కోమలకు అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించింది. అతను అన్నవన్నీ అబద్ధాలైతే అరిచి గెలవచ్చు. ఈ ఒక్కటి నిజం, అదీ అతని నోటి నుంచి.

"నంబరు గీకింది నేనే" అంది, అందరికీ వినబడేటట్టు. "రోషానికి గీకిన. చేసింది నేను, చెప్పుకున్నది ఆయన. తెల్వని చిప్పు ఆమె కంప్యూటర్ల పెట్టి స్విచ్చేసింది మాత్రం ఆయనే. ఎవలెంత అన్నది తర్వాత చూస్కుందాం. ముందు ఆ డిస్కు ఇటియ్యి."

ప్లైవుడ్ వెనకకు పోయింది. ఆమె బల్ల మీద ఇప్పుడు ఖాళీ అట్టపెట్టెలున్నాయి. వాటిని మోచేత్తో కిందికి తోసేసింది. శ్యాంసుందర్ ఏదో అనబోతే నవ్యశ్రీ అతని వైపు చూసింది. అతను కౌంటరు దగ్గరికి పోయాడు.

జరిగిందేమిటో కోమలకు తీగలు చూడగానే తెలిసింది. శ్యాంసుందర్ వాడిన సన్నటి తీగ వేడెక్కి పసుపుపచ్చదీ ఎర్రదీ కరిగి అతుక్కుపోయాయి. ఎర్ర తీగలో ఐదు వోల్టులే ఉండాలి. దాంట్లోకి పన్నెండు దూకి, అక్కడి నుంచి నేరుగా డిస్కులోకి పోయాయి. డిస్కు అడుగున ఉన్న పచ్చటి బోర్డు విప్పి మీటరు పెట్టింది. మీటరు కీచుమంది. ఐదు వోల్టుల దారి ఎర్తుతో కలిసిపోయింది.

కోమల అక్కడే ఆగి ఊపిరి వదిలింది. ఇలాంటి డిస్కుల్లో కరెంటు వచ్చే దారి మొదట్లోనే ఒక నల్లటి డయోడు ఉంటుంది, కందిగింజ కంటే చిన్నది. ఎక్కువ వోల్టులు వస్తే అది తాను కాలిపోయి దారిని ఎర్తుకు కలిపేస్తుంది, వెనకున్నవాటిని కాలనివ్వదు. కాలింది అదొక్కటే అయితే వీడియోలు బతికే ఉంటాయి. వెనకున్నది కూడా కాలిపోయి ఉంటే చేయగలిగింది ఏమీ లేదు.

"వస్తయా?" అంది నవ్యశ్రీ. గొంతులో అరుపు లేదు కానీ మెత్తదనమూ లేదు.

"తెల్వదు. ఇప్పుడే తెలుస్తది."

వేడిగాలి మిషను పెట్టి, చిమటాతో ఆ నల్ల ముక్కను పట్టి లేపింది. అది ఊడి బల్ల మీద పడింది. మళ్లీ మీటరు పెట్టింది. ఈసారి కీచుమనలేదు. బోర్డు బిగించి, డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి స్విచ్చి వేసింది. అందరూ చెవులు రిక్కించారు. ముందు ఏమీ లేదు. తర్వాత లోపల సన్నగా గిర్రుమని తిరగడం మొదలైంది. తెర మీద ఒక్కొక్క ఫోల్డరూ వచ్చింది. పెళ్లికూతుళ్ల పేర్లు, తేదీలు.

నవ్యశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ అవి చూడనివ్వకుండా తెర వైపే మొహం పెట్టుకుంది.

"దీనికిప్పుడు ఆ కాపలా లేదు. మొత్తం వేరేదాంట్లకు ఎక్కిచ్చుకో. ఇగ దీన్ని నమ్మకు" అంది కోమల.

కౌంటరు దగ్గర శ్యాంసుందర్ అప్పుడే ఎవరితోనో అంటున్నాడు. "అయిపాయె, మా షాపులనే సెట్ అయింది. మా కాడ కానిది లేదు."

నవ్యశ్రీ కుర్చీలోంచే తిరిగింది.

"అన్నా, నువ్వు జర సైలెంట్ ఉండు. నువ్వు రానిది వచ్చన్నవ్. ఈమె వచ్చినదాన్ని దాచిపెట్టింది. ఇద్దరికి ఒకరంటె ఒకరికి మంట. మధ్యల నా కంప్యూటర్ల పొగ లేచింది. నేనేం చేసిన మీకు? లైట్లు కావాలన్న, గంతే గద?"

తన కంప్యూటరు డబ్బా వైపు వేలు చూపించింది.

"ఆ లైట్లు పీకెయ్యుండ్రి. మొత్తం. ఒక్కటి గూడ వద్దు నాకు."

శ్యాంసుందర్ కదలలేదు. కోమలే స్క్రూడ్రైవరు తీసుకుని పోయి డబ్బా విప్పింది. అతను బిగించిన కాలిన తీగలు తీసింది. తర్వాత తను చేసిన బోర్డు తీసింది. దానికేమీ కాలేదు, ఫ్యూజు ఒక్కటి పోయింది. పన్నెండు లైట్లూ ఒక్కొక్కటిగా ఊడదీసి, తీగలు చుట్టి పక్కన పెట్టింది. నవ్యశ్రీ సాయంత్రం దాకా కూర్చుని ఫైళ్లన్నీ ఎక్కించుకుని, కంప్యూటరు ఆటోలో పెట్టుకుని పోయింది. థ్యాంక్స్ అనలేదు. కోమల అది ఆశించలేదు కూడా.

ఆ తర్వాత రోజులు బాగా నడిచాయని చెప్పడానికి లేదు. శ్యాంసుందర్ వచ్చినవాళ్లందరికీ ఆమె కంప్యూటర్లు తగలబెట్టే మనిషని చెప్పాడు. నంబరు గీకానని ఆమె నలుగురిలో ఒప్పుకున్న మాటనే పట్టుకుని, దానికి పది కలిపి తిప్పాడు. కోమల బస్టాండు వెనక సందులో చిన్న మడిగె గది కిరాయికి తీసుకుని బల్ల వేసుకున్నప్పుడు ఆ మడిగె యజమానికి ఫోను చేసి, "షార్ట్ సర్క్యూట్ అయితది, చూస్కో" అన్నాడు. ఆమె చౌరస్తాలో అతన్ని నిలబెట్టి అడిగింది. ఇద్దరూ రోడ్డు మీదే అరుచుకున్నారు. జనం గుమిగూడారు. అతను ఆమె తండ్రిని కూడా మధ్యలోకి లాగితే, "మా బాపు పేరెత్తితె పండ్లు రాలతయ్" అని చెప్పు వైపు చూసింది. అప్పటి నుంచి ఎదురుపడితే ఎవరో ఒకరు రోడ్డు దాటి అవతలికి పోతారు. ఇప్పటికీ అంతే.

ఇంట్లో రాయమల్లు పదిహేను రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున తనంతట తనే మడిగెకు వచ్చి, మూలన కూర్చుని, ఊడిన ఇన్వర్టరు వైర్లు అతకడం మొదలుపెట్టాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఐదు నెలల తర్వాత నవ్యశ్రీ వచ్చింది. ఆటోలోంచి కంప్యూటరు దించుకుని బల్ల మీద పెట్టింది.

"ఊకూకె బంద్ అయితున్నది" అంది.

"శ్యాంసుందర్ కాడికి పోలేదా?"

"పోతె ఈడికెందుకు వస్త?" ముక్కు మీద కోపం అలాగే ఉంది. స్టూలు లాక్కుని, కోమల చేతులు కనబడేటట్టు ఎదురుగా కూర్చుంది. "నువ్వు ఏం ఇప్పుతున్నవో, ఏం పెడుతున్నవో, ఒక్కొక్కటి నాకు చెప్పుకుంట చెయ్యాలె. నాకు తెల్వకుండ ఒక్క స్క్రూ గూడ తిప్పద్దు."

కోమలకు చురుక్కుమంది. నా మీద నమ్మకం లేకపోతే ఎందుకొచ్చావని అడగాలనిపించింది. నవ్యశ్రీ కళ్లు ఆమె చేతి మీదే ఉన్నాయి, పోలీసు చూసినట్టు. కోమల స్క్రూడ్రైవరు తీసుకుంది.

"మంచిగ చూడు" అంది కటువుగానే. "ముందుగాల పక్క అద్దం తీస్తున్న. ఇగో, ఇది ఫ్యాను. దీనికింద ప్రాసెసరు. ఫ్యానుకు దుమ్ము పట్టింది, వేడెక్కి బంద్ అయితున్నదని నా అనుమానం. అనుమానమే, ఇంక చూడలే. ఇప్పుడు ఈ నాలుగు స్క్రూలు ఇప్పుతున్న..."

"ఆగు" అంది నవ్యశ్రీ. "ఏ నాలుగు? చూపెట్టు."

కోమల ఒక్కొక్కటీ వేలితో తాకి చూపించింది.